అన్ని బండ్లూ ఒక్క తీరుగనే ఉంటయి

పెళ్లయిన కొత్తలో మా ఆయన నాకు నేర్పిన మొదటి విద్య, లారీలను రంగు చూసి పట్టుకోవడం. ఆయన పార్సిల్ లారీ డ్రైవరు. మేము ఉప్పల్ పక్కన చిల్కానగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఆదివారం చర్చి నుంచి వస్తూ చౌరస్తాలో నిలబడితే వరంగల్ రోడ్డు మీద నుంచి లారీలు ఒకదాని వెనుక ఒకటి దిగుతుండేవి. నేను వాటి మీద పేర్లు చదవబోయేదాన్ని.

"పేరు సదివేదాంక బండి ఆగుతదా? రంగు సూడు," అనేవాడు.

ఆయన కంపెనీ బండికి క్యాబిన్ ముదురు నీలం. నడుముకు పసుపు పట్టా. ఆ పట్టాకు పైన ఒకటి, కింద ఒకటి ఎర్ర గీత. చూడటానికి బాగుండేది, అందులో అబద్ధం లేదు. చిక్కేమిటంటే అదే నీలం, అదే పసుపు, అదే ఎరుపు ఆ చుట్టుపక్కల ఇంకో మూడు కంపెనీల బండ్లకూ ఉండేవి. నేను ఒక్కో ఆదివారం నాలుగు లారీలను చూసి "అగో మన బండి" అంటే అందులో మూడు మనవి కాకపోయేవి. ఆయన నవ్వేవాడు. నాకు కోపం వచ్చేది. ఇంత పెద్ద ఊళ్లో వీళ్లకు వేరే రంగులే దొరకలేదా అని ఆ ఓనర్లందరినీ తిట్టుకునేదాన్ని.

దాని కథ ఆయనే చెప్పాడు. మొదట ఒక ఓనరు తన బండ్లకు ఈ రంగులు వేయించాడట. ఆ బండ్లు కొన్నేళ్లు ఎక్కడా బోల్తా పడలేదు, గిరాకీ పెరిగింది, ఓనరు ఇల్లు కట్టాడు. రంగు కలిసొచ్చిందన్న మాట లేచింది. ఇక నాచారంలో లారీలకు రంగులు వేసే షెడ్డుకు వచ్చిన ప్రతి ఓనరూ "గా రంగే కొట్టు" అన్నవాడే. అచ్చం అదే వేస్తే మొదటి ఓనరు గొడవకు వస్తాడు కదా. అందుకని పెయింటరు ఎక్కడో ఒకచోట వేలెడంత తేడా పెట్టేవాడు. ఒకరికి ఎర్ర గీత సన్నం, ఒకరికి వెడల్పు, ఇంకొకరికి పసుపు పట్టా తలుపు దగ్గర వంగి కిందికి దిగేది. మాది సన్న గీత. నెల రోజుల్లో నేను మెట్టుగూడ వైపు నుంచి వచ్చే బండిని కూడా దూరం నుంచే గీత చూసి చెప్పగలిగాను. అప్పుడు నాకు మహా గర్వం.

ఆ గర్వం మోసుకుని నేను పనికి పోయేదాన్ని. నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ నాది. గోళీల పట్టీలను డబ్బాల్లో పెట్టి మూతలు వేయడం. లోపలికి పోయే ముందు సూపర్వైజరమ్మ మా గోళ్లు చూసేది, మెడ మీద చెమట వాసన కూడా చూసేది. తలకు టోపీ, నోటికి గుడ్డ. అందరికీ ఒకే రకం లేత నీలం చీర. ఆ వరసలో ఇరవై మంది ఆడవాళ్లం. ఎక్కువ మంది నల్లగొండ, జనగామ, భువనగిరి దిక్కు నుంచి వచ్చి నిలదొక్కుకున్నవాళ్లం. అందరికంటే పెద్దామె మల్లాపూర్‌లో ఉండేది. ఆమెను సూపర్వైజరమ్మతో సహా అందరం పెద్దక్కా అనేవాళ్లం.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మాకు ఒక పద్ధతి ఉండేది. గుండ్రంగా కూర్చుని అందరి కూర డబ్బాలూ మధ్యలో పెట్టాలి. ఎవరి అన్నం వాళ్లది, కూరలు మాత్రం అందరివీ. ఎవరి డబ్బాలో ఎవరి చెయ్యి ఉందో చూసుకునేది లేదు. కొత్తగా చేరిన మనిషి డబ్బా మొదటి రోజు మధ్యలోకి వచ్చిందంటే ఆమె మాలో మనిషి అయినట్టే. కులం అడిగేది లేదు, మతం అడిగేది లేదు. కానీ ఒకామె మరిది చచ్చిన పశువులను ఎత్తే పనిలో చేరాడని తెలిసిన రోజు ఏమైందో నేను చూశాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె కూర డబ్బా మధ్యలోనే ఉంది. పని దిగేటప్పుడు ఆమె మూత తీసి చూసుకుంటే నిండుగా ఉంది. మూడో రోజు నుంచి ఆమె డబ్బా తన ఒడిలోనే పెట్టుకుంది. ఆ రోజు ఆ కూర ముట్టని చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది. ఇది ముందే చెప్పి తర్వాతిది చెప్పాలి.

మా ఆయన అప్పట్లో నాగ్‌పూర్ లైన్ మీద తిరిగేవాడు. వారానికి, పది రోజులకు ఒకసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా సంచి నిండా నారింజపండ్లు తెచ్చేవాడు. అవి కంపెనీకి తీసుకుపోయి పంచేదాన్ని. "మీ ఆయన ఉన్నన్ని రోజులు మాకు పండ్లకు ఫికర్ లేదు," అనేది పెద్దక్క. రోడ్డు మీద నీలం బండి పోతే చాలు అందరూ నా వైపు తిరిగి "మీ బండేనా" అని అడిగేవాళ్లు. నేను గీత చూసి, అవుననో కాదనో తీర్పు చెప్పేదాన్ని. ఇరవై మందిలో నాకూ ఒక హోదా ఉండేది, దాని పేరు నారింజపండ్లు.

తర్వాత ఆ పార్సిల్ కంపెనీ పాత లారీలను అమ్మేసింది. కొన్నది చెత్త కాంట్రాక్టరు. ఉప్పల్ వైపు యార్డులో పోగైన చెత్తను నాచారం, మల్లాపూర్ మీదుగా జవహర్‌నగర్ గుట్టకు మోసే పని. బండి చేతులు మారితే దాన్ని ఎరిగిన డ్రైవరు కూడా బండితో పాటే పోవడం లారీల వాళ్లలో మామూలే. ఏ గేరు ఎక్కడ పట్టేస్తుందో, ఏ బ్రేకు ఎంత తొక్కాలో అతనికే తెలుసు కదా. మా ఆయన అట్లాగే పోయాడు. నన్ను అడిగే పోయాడు, అది కూడా చెప్పాలి.

"రోజు ఇంటికొస్త. పిల్లల మొఖం సూస్త. రోజు ఇంట్ల అన్నం తింట. ఇంకేం గావాలె," అన్నాడు.

నేను సరే అన్నాను. నోటితో అన్నాను.

వెనుక భాగం కోసి చెత్త కుమ్మరించే తొట్టి బిగించారు. ముందు భాగాన్ని మాత్రం కాంట్రాక్టరు ముట్టలేదు. పాత కంపెనీ పేరు మీద ఇంత నీలం రంగు పూసి వదిలేశాడు. ఆ నీలం పాత నీలంతో కలవలేదు. పాతది ఎండకు వెలిసింది, కొత్తది తడి ఆరనట్టు మెరిసేది. పొద్దున ఎండ ఏటవాలుగా పడితే కింద అక్షరాలు ఉబ్బి కనపడేవి. అదే క్యాబిన్, అదే పసుపు పట్టా, అదే సన్న గీత. ముందు నుంచి చూస్తే నాగ్‌పూర్ పోయే బండే.

నేను కంపెనీలో చెప్పలేదు. అబద్ధం ఆడాలని ముందు అనుకోలేదు, చెప్పలేదు అంతే. రేపు చెబుతానులే అనుకున్నాను. ఆ రేపు అన్నం దగ్గరికి వచ్చేసరికి ఒడిలో డబ్బా పెట్టుకుని తినే ఆమె కనపడేది. నా డబ్బా మధ్యలో ఉండేది. ఆ డబ్బా అక్కడే ఉండాలన్నది ఒక్కటే నా భయం. మీ ఆయన ఎట్లున్నాడంటే బండి మీద ఉన్నాడనేదాన్ని. నిజమే కదా.

నారింజపండ్ల దగ్గర మాత్రం నిజం చాలలేదు. రెండు నెలలైనా పండ్లు రాకపోయేసరికి పెద్దక్క అడిగింది. ఆ సాయంత్రం ఉప్పల్‌లో పండ్ల బండి దగ్గర నారింజలు కొని, మర్నాడు మా ఆయన పాత సంచిలో పోసుకుని తీసుకుపోయాను. సంచి నాగ్‌పూర్‌దే మరి. అందరూ తిన్నారు. "ఈసారి జర పుల్లగున్నయి," అంది ఒకామె. "అక్కడ వానలు లేవంట," అన్నాను నేను. అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. చేసిన వాటిలో అది చిన్నదే కానీ, ఇప్పటికీ ఎవరైనా నారింజపండు ఒలుస్తుంటే నేను లేచి పక్కకు పోతాను.

ఇంట్లో ఆయన మాత్రం ముందటికంటే సంతోషంగా ఉండేవాడు. పని నుంచి రాగానే బయట కొళాయి దగ్గరే రెండు సబ్బులతో స్నానం. పని బట్టలకు వేరే బకెట్టు, వాటిని తనే ఉతుక్కునేవాడు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. తల తుడుచుకుని వచ్చి పిల్లల పక్కన కూర్చుని పుస్తకాలు తిప్పేవాడు. నాకే ఇంట్లో ప్రతిదానికీ చిరచిరగా ఉండేది. నా పాత నేత చీర ఒకటి, ఆకుపచ్చ అంచుది, సగం చింపి చిన్నదానికి ఉయ్యాల కట్టాను. మిగతా సగం కనపడకుండా పోయింది. ఇల్లు తుడిచే గుడ్డ చేశారని పిల్లలనూ ఆయననూ కలిపి పొద్దంతా తిట్టాను. ఆయన మాట్లాడకుండా అన్నం తిని పోయాడు.

అది జరిగిన వారానికే అనుకుంటా, వాన పడింది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగాం. ఉప్పల్ పోయే బస్సు రాలేదు. ఏడెనిమిది మందిమి రోడ్డు పక్కన సైకిల్ షాపు రేకుల కింద నిలబడ్డాం. మల్లాపూర్‌కు నడిచిపోయే పెద్దక్క కూడా వాన తగ్గాక పోదామని మాతోనే ఉంది. అంతలో మల్లాపూర్ వైపు నుంచి నీలం బండి వచ్చింది.

"అగో, మీ ఆయన కంపెనీ బండి," అంది ఒకామె. అప్పటికి నేను గీత చూసేశాను. సన్న గీత. పేరు ఉండాల్సిన చోట తడికి మెరుస్తున్న నీలం పట్టీ.

బండి నెమ్మదించి సరిగ్గా మా ముందు ఆగింది. తొట్టిలోంచి నల్లటి నీళ్లు వాననీళ్లతో కలిసి రోడ్డు మీద కారుతున్నాయి. వాసన మనిషికంటే ముందు వచ్చింది. ఆడవాళ్లందరూ ఒక్కసారి కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. మా ఆయన డ్రైవరు సీట్లోంచి ఇటు వైపుకు వంగి తలుపు తెరిచాడు. ఒక చేత్తో ఏదో గుడ్డ సీటు మీద పరుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"దా, ఎక్కు. ఎంత సేపని నిలవడ్తవు వానల," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను కొంగు తీయలేదు. వెనుక ఉన్న వాళ్లకు కూడా వినపడేటట్టు అన్నాను: "ఎవరో, మా ఆయన కాదు. అన్ని బండ్లూ ఒక్క తీరుగనే ఉంటయి."

ఆయన నన్ను చూశాడు. తర్వాత ఆడవాళ్లను ఒక్కొక్కరినీ చూశాడు, వాళ్ల కొంగులను చూశాడు. ఆయనకు అర్థం కావడానికి ఎంతసేపో పట్టలేదు. ముఖంలో కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"తప్పువట్టకుండ్రి అమ్మా," అన్నాడు. "చీరలన్ని ఒక్క తీరుగున్నయి. మా ఇంటామె అనుకున్న."

తలుపు మెల్లగా వేసుకుని పోయాడు. గట్టిగా వేసినా బాగుండేది.

"పాపం, మంచోడే," అంది నా పక్కనున్న ఆమె. పెద్దక్క మాత్రం వాన తగ్గకుండానే నడిచి వెళ్లిపోయింది. నేను బస్సెక్కి ఇంటికి పోయేసరికి ఆయన స్నానం చేసి, నాకోసం నీళ్లు కాగబెట్టి ఉంచాడు. "తడిసినవా? తల తుడుసుకో," అన్నాడు. అంతే. ఆ రాత్రి ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిడితే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని, పండ్లు గురించో, వాసన గురించో, పోట్లాడుకుని ఏడ్చి క్షమించమనేదాన్ని. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఇవ్వకపోవడం ఆయన మంచితనమే. కానీ చాలా రోజులు నేను దాన్ని కూడా ఆయన తప్పుగానే లెక్కేసుకున్నాను. సిగ్గుపడ్డ మనిషికి ఇంకొకరి మీద కోపం తెచ్చుకోవడం చాలా సులువు.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. వారంలో దేవుడు చేసిన మేలునో, తాము చేసిన తప్పునో నలుగురి ముందు నిలబడి చెప్పుకోవడం మా దగ్గర అలవాటు. నేను లేచాను. మగవాళ్ల వైపు తెల్ల చొక్కా వేసుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. చెప్పేద్దామనే లేచాను. నోరు తెరిస్తే, చిన్నదానికి జ్వరం వచ్చిందనీ ప్రార్థన చేస్తే తగ్గిందనీ చెప్పి కూర్చున్నాను. జ్వరం దవాఖానా గోళీలతో తగ్గింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆయన కూడా అన్నాడు. దేవుడి ముందు కూడా సన్న గీత, వెడల్పు గీత ఆట ఆడినట్టయింది.

ఆ తర్వాత ఆయన బండి మళ్లీ మా ముందు ఆగలేదు. రోజూ అదే రోడ్డు, అదే వేళ. మేము రేకుల కింద ఉండేవాళ్లం, నీలం బండి వచ్చేది, పోయేది. మొదట్లో నేను తల దించుకునేదాన్ని. తర్వాత అలవాటైంది. ఇది రాస్తుంటే నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఆ అలవాటు పడటమే. నా డబ్బా మాత్రం మధ్యలో క్షేమంగా ఉంది. నారింజపండ్లు మానేశాను, నాగ్‌పూర్ లైన్ మారిందని చెప్పాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ అడగట్లేదేమిటని నాకు అనుమానం కూడా రాలేదు.

ఏళ్లు గడిచాయి. ఉద్యమం రోజుల్లో రోడ్లు ఆగేవి, కంపెనీ బందు ఉండేది, మళ్లీ తెరిచేవాళ్లు. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి. తెలంగాణ వచ్చింది. ఆటోలవాళ్లు, లారీలవాళ్లు ఎవరికి వాళ్లు నంబరు ప్లేట్ల మీద అక్షరాలు మార్పించుకుంటుంటే నాచారం పెయింటర్లకు మస్తు పని దొరికింది. ఆ హడావుడిలోనే చెత్త కాంట్రాక్టరు పాత బండ్లను తుక్కు కింద అమ్మి కొత్తవి దించాడు. కొత్తవాటికి పచ్చ రంగు. పక్కన ఇంతింత అక్షరాలతో చెత్త బండి అని తెలిసిపోయే రాతలు. నీలం పోయింది, పసుపు పట్టా పోయింది, సన్న గీత పోయింది. ఇక ఆ బండిని ఇంకో బండి అనుకునేది లేదు. ఆయన కొత్త బండి తాళం చెవులు పిల్లలకు చూపిస్తుంటే నేను వంటింట్లోకి పోయాను.

ఆ నెలలోనే పెద్దక్క పని మానేసింది. మోకాళ్లు పట్టేశాయి, నిలబడలేకపోయేది. చివరి రోజు అందరం ఇళ్ల నుంచి ప్రత్యేకంగా వండుకుని వచ్చాం. తిన్నాక చేతులు కడుక్కునే దగ్గర ఆమె, నేను ఇద్దరమే ఉన్నాం.

"మీ ఆయనకు కొత్త బండి ఇచ్చిన్రంట గదా," అంది.

నేను కొళాయి తిప్పడం మరిచిపోయి నిలబడ్డాను.

"మా ఇంటి ముందలి హోటల్ కాడనే చాయ్ తాగుతడు. మొదటి నుంచి తాగుతడు. హోటల్ లోపటికి రాడు, బయటనే నిలవడ్తడు, గలాసు వేరేది తెచ్చుకుంటడు. ముందుగాల నాగ్‌పూర్ తిరిగిన, మా ఇంటామె మందుల కంపెనీల జేస్తదని ఎంత గొప్పగ జెప్పిండో. అప్పుడే తెలుసు నాకు."

"అందరికి తెలుసా?" అన్నాను.

"తెలువకేం. నేనే జెప్పిన. నీ నారింజపండ్లు ఉప్పల్ బండి మీదియని గూడ తెలుసు." ఆమె నవ్వబోయి ఆపుకుంది. "వెనుకట ఆమె మరిది పని తెలిసి డబ్బ ముట్టక తప్పు జేసినం గదా. మళ్ల గట్ల జేయొద్దని అందరికి జెప్పిన. ఒక్క రోజన్న నీ కూర మిగిలిందా?"

మిగల్లేదు. పదేళ్లలో ఒక్క రోజు కూడా మిగల్లేదు.

"వాన పడ్డ మర్నాడు నేను అడిగిన ఆయనను. ఏంది తమ్మీ, గట్ల అనుకుంట పోయినవు అని. 'ఆమె నలుగుర్ల తిరగాలె గదా అక్కా' అన్నడు. నాకు తెలుసునని నీకు జెప్పొద్దన్నడు. ఇన్ని రోజులు జెప్పలే. ఇప్పుడు పోతున్న గదా, కడుపుల పెట్టుకోని పోవుడు ఎందుకని జెప్పిన."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లింది. నేను అక్కడే నిలబడి కొళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు కడిగాను. దేనికి భయపడి నేను ఆయనను కాదన్నానో ఆ భయం అక్కడ లేనే లేదు. ఉన్నదల్లా నేనే, ఆ ఆడవాళ్లకంటే తక్కువ మనిషిని.

ఆ రోజే షిఫ్టు దిగి రేకుల కింద అందరికంటే ముందుకు వచ్చి నిలబడ్డాను. పచ్చ బండి మల్లాపూర్ వైపు నుంచి వచ్చింది. నేను చెయ్యెత్తాను. ఇంకా దగ్గరికి వచ్చాక రెండు చేతులూ ఎత్తాను. బండి ఆగలేదు. ఆయన ముఖం అటు వైపు తిరిగి ఉంది, రోడ్డు అవతల మూతపడ్డ ఫ్యాక్టరీ ప్రహరీ గోడ వైపు. బండి నన్ను దాటి పోయింది.

ఇంటికి పోయి అన్నం పెడుతూ అడిగాను. "మధ్యాహ్నం చెయ్యెత్తింది నేను. సూడలేదా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వా? నేను సూడలే. ఆడికి రాంగనే నేను గోడ దిక్కు సూసుకుంట పోత. అప్పటి నుంచి అంతే. అలవాటైంది." అని ముద్ద కలుపుకుంటూ, "ఏమైంది, పిల్లలకేమన్న బాగలేదా?" అని అడిగాడు.

నేను క్షమించమని అడగలేకపోయాను. ఏమీ కాలేదన్నాను.

మర్నాడు నేను రోడ్డు దాటి ఆ గోడకు ఆనుకుని నిలబడ్డాను. రేకుల కింద నుంచి మా వాళ్లందరూ నన్ను వింతగా చూస్తున్నారు. వాళ్లలో కొత్తగా చేరిన పిల్ల ఒకతి, "అక్కా, బస్సు గిటు దిక్కు వస్తది," అని కేకేసింది. పచ్చ బండి వచ్చింది. ఆయన గోడ వైపు తిరిగాడు, అక్కడ నేనున్నాను. బండి నెమ్మదించింది కానీ పూర్తిగా ఆగలేదు. ఆయన ముందు నా వైపు కాదు, రేకుల కింద ఉన్న ఆడవాళ్ల వైపు చూశాడు. వాళ్లు చూస్తున్నారని నాకు కళ్లతోనే చెప్పాడు. ఆగాలా, పోవాలా అని నన్నే అడుగుతున్నాడు. సొంత పెళ్లాం ముందు బండి ఆపడానికి ఆయన అనుమతి అడగాల్సి వచ్చింది.

నేను ఆగమని చెయ్యి చూపి, బండి ముందు నుంచి రోడ్డు దాటి రేకుల వైపు తలుపు దగ్గరికి వచ్చాను.

"ఎవరక్కా?" అంది కొత్త పిల్ల.

"మా ఆయన," అన్నాను. "చెత్త బండి నడుపుతడు. మస్తు రోజులైంది."

పిల్ల తల ఊపింది. మిగతావాళ్లు ఎవరూ ముక్కుకు కొంగు పెట్టుకోలేదు. ఒకామె నా టిఫిను సంచి అందుకుని, నేను మెట్టు ఎక్కాక పైకి ఇచ్చింది.

"ఆగు, ఆగు. సీటు మీద గుడ్డ పరుస్త. చీర ఖరాబైతది," అన్నాడు ఆయన. సీటు కింద నుంచి మడత పెట్టిన గుడ్డ ఒకటి తీసి దులిపి పరిచాడు. ఆకుపచ్చ అంచు. ఉయ్యాల కట్టగా మిగిలిన నా నేత చీరలో సగం. ఉతికి ఉతికి అంచు వెలిసిపోయింది, కానీ శుభ్రంగా ఉంది, సబ్బు వాసన వస్తోంది. ఈ కొత్త బండి వచ్చి నెల కూడా కాలేదు. పాత బండి తుక్కుకు పోతుంటే దాంట్లోంచి దీంట్లోకి తెచ్చుకున్నాడన్నమాట.

దాని మీద కూర్చున్నాను. ఆయన గేరు వేశాడు. ఉప్పల్ దాకా నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.